మెయిన్ ఆపేశాం కదా అని గోడకి డ్రిల్ పెట్టొద్దు

పోయిన ఎపిసోడ్ కింద ఒక కార్పెంటర్ తమ్ముడు అడిగాడు: "అన్నా, గోడలో వైరు ఎక్కడుందో తెలియకుండా రోజూ డ్రిల్ వేస్తున్నాం, ఎట్లా జాగ్రత్త పడాలి?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఇది ఎలక్ట్రీషియన్ల కోసం మాత్రమే కాదు. కార్పెంటర్లు, ప్లంబర్లు, టైల్స్ మేస్త్రీలు, ఏసీ మెకానిక్‌లు, కర్టెన్ రాడ్లు బిగించేవాళ్ళు, రోడ్డు పక్కన గుంత తీసేవాళ్ళు, అందరూ చివరిదాకా చూడండి.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. నా పని ఎక్కువగా ఇక్కడే, కార్ఖానా, విక్రంపురి, వాసవి నగర్ చుట్టుపక్కల. కొన్నేళ్ళ కింద ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో టీవీ ప్యానెల్ బిగించే పని. నేనే డీబీ తెరిచి మెయిన్ కిందికి దించాను. లైట్ వేసి చూశాను, వెలగలేదు. "కానియ్ తమ్మి" అన్నాను. నా హెల్పర్ పక్క గదిలో ఒక పాయింట్‌లో ఎక్స్‌టెన్షన్ పెట్టి, ఇనుప స్టూల్ ఎక్కి డ్రిల్ మొదలుపెట్టాడు. రెండో రంధ్రంలో టప్‌మని చప్పుడు, పిల్లాడు కింద పడ్డాడు. ఎడమ చెయ్యి డ్రిల్ ముందు భాగం మీద, అదే ఇనుప భాగం మీద ఉంది. అరచెయ్యి కాలింది, పడడంతో మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది, అది మా అదృష్టం.

ఇప్పుడు మీరే చెప్పండి. నేను మెయిన్ ఆపేశాను. కానీ డ్రిల్ తిరుగుతోంది. అంటే ఆ ఇంట్లో ఎక్కడో కరెంటు ఉన్నట్టే కదా! ఆ చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆ పాయింట్ ఇన్వర్టర్ లైను. గోడలో పోయింది కూడా ఇన్వర్టర్ లైనే.

ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకోమంటే ఇదే చెప్తాను: మెయిన్ ఆపడం అంటే ఒక దారి మూయడం మాత్రమే. మన ఇళ్ళల్లోకి కరెంటు వచ్చే దారులు రెండు మూడు ఉంటాయి. ఒకటి మీటర్ నుంచి. రెండోది ఇన్వర్టర్. మూడోది అపార్ట్‌మెంట్ జనరేటర్. ఇప్పుడు కొన్ని ఇళ్ళ మీద సోలార్ కూడా వచ్చింది. మెయిన్ దించితే ఇన్వర్టర్ ఏమనుకుంటది? కరెంటు పోయిందనుకుని వెంటనే బ్యాటరీ మీదికి మారుతుంది. అంటే మనం ఆపిన క్షణమే అది మొదలవుతుంది. "బ్యాటరీ పన్నెండు వోల్టులే కదా అన్నా" అంటారు. బ్యాటరీ పన్నెండే, కానీ ఇన్వర్టర్ బయటికి ఇచ్చేది ఇంటి కరెంటు లాంటిదే, దగ్గర దగ్గర 230 వోల్టులు. అందుకే ఇంటాయన్ని ముందే అడగండి: "సార్, ఇన్వర్టర్ ఉందా? జనరేటర్ లైను ఏ గదులకి ఇచ్చారు?" ఇన్వర్టర్‌ని వెనక స్విచ్ దగ్గర పూర్తిగా ఆపాలి. ఆపిన ఎంసీబీకి టేప్ వేసి "పని జరుగుతోంది, వేయొద్దు" అని రాసి పెట్టండి. లేకపోతే ఇంట్లో పెద్దమ్మ "అయ్యో, ఫ్యాన్ ఆగిపోయింది" అని మళ్ళీ పైకి లేపుతుంది. ఆమె తప్పు కాదు, మనం చెప్పలేదు.

చాలామందికి ఉన్న ఇంకో నమ్మకం, "షాక్ కొడితే ఎంసీబీ పడిపోతది కదా" అని. పడదు అండి. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పదహారు దాటితేనే కదులుతుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. చెమట పట్టిన ఒళ్ళు 230 వోల్టులకి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అదీ 30 మిల్లీ ఆంపియర్లది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, పని మొదలుపెట్టే ముందు నొక్కి చూడండి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఇంకో సంగతి, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఉన్నా, ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఆ లైనుకి దాని కాపలా ఉండదు. ఆ రోజు మాకు జరిగింది అదే.

ఇక గోడలో వైరు ఎక్కడుంటుంది? మన దగ్గర కన్సీల్డ్ వైరింగ్ అంటే గోడకి గాడి కొట్టి, పైపు పెట్టి, పైన ప్లాస్టరింగ్ చేస్తారు. మామూలుగా స్విచ్ బాక్స్ నుంచి నిటారుగా పైకి స్లాబ్ దాకా, లేదా నిటారుగా కింది సాకెట్ దాకా పోతుంది. రెండు బాక్సులు ఒకే ఎత్తులో ఉంటే మధ్యలో అడ్డంగా కూడా పోవచ్చు. కాబట్టి ప్రతి స్విచ్ బోర్డుకి, సాకెట్‌కి, గీజర్ పాయింట్‌కి, ఏసీ పాయింట్‌కి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. గీతకి అటూ ఇటూ జానెడు జాగా వదిలేయండి.

ఇది మొదటి జాగ్రత్త మాత్రమే, దీన్నే నమ్ముకోవద్దు. ఎందుకంటే పైపు పొదుపు కోసం ఏటవాలుగా గాడి కొట్టినవాళ్ళు ఉన్నారు. తర్వాత బోర్డు తీసేసి, పుట్టీ పెట్టి, రంగు వేసిన చోట లోపల వైరు అట్లాగే బతికి ఉండొచ్చు. స్లాబ్ సంగతి ఇంకా వేరు. కాంక్రీట్ పోయకముందే పైపులు పరుస్తారు, అవి ఫ్యాన్ బాక్స్ నుంచి ఫ్యాన్ బాక్స్‌కి దగ్గర దారిలో, ఐమూలగా పోతాయి. ఫాల్స్ సీలింగ్ వాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంకోటి, నాలుగున్నర అంగుళాల గోడ అయితే అవతలి వైపుకి వెళ్ళి చూడండి. ఇటు ఖాళీ గోడ, అటు గీజర్ స్విచ్ ఉండొచ్చు.

టెస్టర్ గురించి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు. చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో ఉంటే సరిగ్గా వెలగకపోవచ్చు. ఎండ వెలుతురులో వెలిగినా కనబడదు. వైరు ముట్టుకునే ముందు మూడు మెట్లు: కరెంటు ఉన్న పాయింట్ దగ్గర టెస్ట్ ల్యాంప్ గానీ మీటర్ గానీ పనిచేస్తుందా చూడాలి, తర్వాత మన పాయింట్ చూడాలి, మళ్ళీ మొదటి పాయింట్ దగ్గరికి వచ్చి చూడాలి. మధ్యలో మీటర్ చెడిపోలేదని తెలియాలంటే ఆ మూడోది తప్పదు. గోడ మీద తిప్పే డిటెక్టర్ అయితే, మెయిన్ ఆపకముందే ఒకసారి తిప్పి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి. వాటిలో చాలావరకు కరెంటు ఉన్న వైరునే పట్టుకుంటాయి. ఇనుప పైపులో ఉన్నా, గోడ తడిగా ఉన్నా మోసం చేస్తాయి. అది మోగకపోతే "దొరకలేదు" అని అర్థం, "లేదు" అని కాదు.

ఇప్పుడు ఇంట్లోంచి రోడ్డు మీదికి వద్దాం. మన కార్ఖానా రోడ్డే తీసుకోండి. రాజీవ్ రహదారి మీద, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఇంత పెద్ద పని ఎక్కడ వచ్చినా భూమి లోపలి లైన్లు జరుగుతాయి, పాత మ్యాపులు తప్పుతాయి. పైగా ఇది కంటోన్మెంట్ ప్రాంతం. మిలిటరీ స్థలాల్లో వాళ్ళ సొంత లైన్లు కూడా ఉంటాయి.

భారత ప్రమాణాల ప్రకారం ఇళ్ళకిచ్చే లో టెన్షన్ కేబుల్ 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీ కేబుల్ 90 సెంటీమీటర్ల లోతున ఉండాలి. అంటే రెండున్నర అడుగులు, మూడు అడుగులు. కానీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, మట్టి తీసేస్తారు, ఒకచోట రాయి అడ్డమొచ్చి పైకే పరిచి ఉంటారు. "రెండు అడుగుల దాకా ఫర్వాలేదు" అనే లెక్క పెట్టుకోవద్దు. తవ్వే ముందు విద్యుత్ సంస్థ వాళ్ళని, రోడ్డు ఎవరిదైతే వాళ్ళని అడగాలి. 2023 మార్చిలో కేంద్రం "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ తెచ్చింది. తవ్వే చోటు అందులో పెడితే ఆ యాప్‌లో నమోదైన కేబుల్, పైపుల సంస్థలకి సమాచారం పోతుంది.

తవ్వేటప్పుడు ఇసుక, వరసగా పేర్చిన ఇటుకలు, రంగు ప్లాస్టిక్ టేప్ కనబడితే ఆగండి. అవి ఎవరో మనకోసం పెట్టిన హెచ్చరిక. అక్కడి నుంచి జేసీబీ వద్దు, గునపం అసలే వద్దు. గునపం కొస నుంచి కొస దాకా ఇనుమే, కేబుల్‌కీ మీ చేతికీ మధ్య ఏమీ లేనట్టే. చెక్క కామ ఉన్న పారతో పక్క నుంచి మెల్లగా మట్టి తియ్యండి.

ఒకవేళ కేబుల్ తెగిందనుకోండి, "చప్పుడు ఆగింది, కరెంటు పోయింది" అని దగ్గరికి పోవద్దు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ట్రిప్ అయితే మళ్ళీ చార్జ్ చేసి చూడొచ్చు. అందర్నీ దూరం జరిపి 1912కి ఫోన్ చెయ్యండి. జేసీబీ ఆపరేటర్ మంటలు లేకపోతే క్యాబిన్‌లోనే ఉండాలి. దిగక తప్పకపోతే బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్ళు కలిపి దూకి, అట్లాగే చిన్నగా గెంతుకుంటూ పోవాలి.

ఇంట్లో ఎవరికైనా షాక్ తగిలితే మనిషిని పట్టుకుని లాగొద్దు. ముందు కరెంటు ఆపండి, ఇన్వర్టర్‌తో సహా. ఆపలేకపోతే పొడి కర్రతో తప్పించండి. శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి. షాక్ కొట్టి వదిలేసినా, బాగానే ఉన్నా అన్నా, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మా తమ్ముడికి చెయ్యి బాగైంది, ఇప్పుడు సొంతంగా పనులు చేసుకుంటున్నాడు. ఇప్పటికీ ఏ ఇంటికెళ్ళినా ముందు అడిగేది "ఇన్వర్టర్ ఎక్కడుంది?" అనే. ఇంటివాళ్ళు "రెండు రంధ్రాలకి ఇంత టైమా?" అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. వాళ్ళు ఇచ్చేది రెండు రంధ్రాల కూలి, మనం ఇంటికి తీసుకెళ్ళాల్సింది రెండు చేతులు. ఆ పది నిమిషాలు అడిగి తీసుకోండి.

ఈ వీడియో మీతో పనిచేసే హెల్పర్ పిల్లలకి తప్పకుండా చూపించండి. మీకు ఇట్లాంటి అనుభవం ఉంటే కింద రాయండి, ఇంకొకరికి ఉపయోగపడుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఎర్తింగ్ గురించి మాట్లాడుకుందాం.