నీటిగండమని యూరకుందమా?

చెరువులో బిడ్డ మునిగి చనిపోయినపుడు మనవారు మొదట అనుమాట "వానికి నీటిగండము వ్రాసియున్నది" అని. కడుపుకోతతో నున్న తల్లికి ఈ మాట కొంత ఓదార్పు కావచ్చును. కాని గుంత త్రవ్వి విడిచినవాడును, హెచ్చరింపక ఆనకట్ట తలుపులెత్తినవాడును ఈ మాట చాటుననే దాగుకొనుచున్నారు. సోదరీమణులు ఈ సంగతి నొక్కమారు ఆలోచింపవలయునని మా కోరిక.

నారాయణఖేడు ప్రాంతము మెట్టసీమ. వేసవిలో బిందెడు నీటికై పడిగాపులు పడు చోటనే వానకాలమున కుంటలు ప్రాణములు తీయుట వింతగా తోచును. విచారించినచో వింత యేమియు లేదు. ఏడాదిలో పెక్కు నెలలు లోతునీటిని చూడని పిల్లలకు ఈత ఎట్లు వచ్చును? చెరువులు ఎండినపుడు మట్టిని, ఏటిలో ఇసుకను త్రవ్వి బండ్లకెత్తుదురు. పిదప నీరు నిండగనే పైకి అంతయు సమముగ కనుపించును. మోకాలిలోతున ఆడుకొనుచున్న బాలుడు మరియొక అడుగు వేయుసరికి నిలువెత్తు గుంతలో పడును. తడిసిన నల్లరేగడి ఒడ్డు పట్టుకొన్నను చేతికి చిక్కక జారిపోవును.

మునుగువారు కేకలు వేయుదురని మనము తలంతుము. అది సరికాదు. నోరు నీటిపైకి వచ్చు క్షణకాలము ఊపిరి పీల్చుటకే చాలదు, ఇక కేక యెక్కడిది? అందుచేతనే గట్టున బట్టలుతుకు తల్లికి నాలుగు బారల దూరమున బిడ్డ పోవుచున్నను చప్పుడు వినబడదు. పసివారికి చెరువే అక్కరలేదు. మూతలేని ఇంటి సంపు చాలును, జానెడు నీరున్న తొట్టి చాలును. 2021వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 3 లక్షలమంది మునిగి మరణించిరనియు, వారిలో దాదాపు నాల్గవవంతు అయిదేండ్లలోపు వారనియు ప్రపంచారోగ్యసంస్థ అంచనా.

ఈతరాని తల్లి బిడ్డకొరకు దూకినచో రెండు ప్రాణములు పోవును. ఒడ్డున గట్టిగ కూర్చుండి చీరనో, త్రాడునో, పొడుగుకఱ్ఱనో అందింపవలెను. మూత బిగించిన ఖాళీ డబ్బాను విసరినను పట్టుకొని తేలుదురు. బయటికి తీసినవానిని తలక్రిందుగ పట్టి త్రిప్పుట, కడుపు నొక్కుట మన పల్లెలలో నేటికిని కలదు. దానివలన విలువైన కాలము వ్యర్థమగును. ఊపిరి లేకున్నచో వెంటనే నోటిలో నోరుంచి ఊపిరి ఊది, పిదప రొమ్ము నడుమ ఒత్తుచుండవలెను. 108కి కబురు చేయుట మరియొకరు చూచుకొందురు గాక.

ఇక చట్టము మాట. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదునుండి విహారమునకు వెళ్లిన యింజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచలప్రదేశమున బియాస్ నదిలో రాళ్లపై నిలిచియుండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి నీటిని వదలిరి. 24 మంది విద్యార్థులును, వెంట వెళ్లిన ఒక నిర్వాహకుడును కొట్టుకొనిపోయిరి. అదియు నీటిగండమే యనిరి కొందరు. హిమాచల హైకోర్టు అట్లనలేదు. 2016 జనవరిలో, ఒక్కొక్క విద్యార్థి తలిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహార మీయవలెనని తీర్పు చెప్పినది. అందులో 60 పాళ్లు విద్యుత్తు మండలి, 30 పాళ్లు కళాశాల, 10 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వము భరింపవలెనట. అదే బియాస్ నదిలో 1995లో వనవిహారమున మునిగిన 14 మంది బడిపిల్లల విషయమున సుప్రీముకోర్టు 2001లో పాఠశాలనే బాధ్యునిగ నిలిపినది. నారాయణఖేడు పొరుగున ప్రవహించు మంజీరపైనను సింగూరు ఆనకట్ట కలదు. తలుపులెత్తుటకు ముందు దిగువవారికి తెలుపవలసిన ధర్మము ఇచట మాత్రము వేరుగా నుండదు.

అజాగ్రత్తచే ఒకరి మరణమునకు కారకులైనవారికి 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను క్రింద అయిదేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. నష్టపరిహారమునకు 1855వ సంవత్సరపు ప్రాణాంతక ప్రమాదముల చట్టము కలదు. భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు దానిక్రింద హక్కుదారులు. కాని మరణించిన దినమునుండి రెండేండ్లలోపల దావా వేయవలెను. మన స్త్రీలలో పలువురు దుఃఖములో పోలీసులకు తెలుపకయే అంత్యక్రియలు ముగింతురు. పంచనామాయు, శవపరీక్షయు లేనిదే పిదప ఏమని నిరూపింతురు? శవమును కోయుటకు మనసొప్పదు, నిజమే, అయినను తప్పదు.

సద్దుల బతుకమ్మనాడు మునిమాపువేళ వందలాది స్త్రీలు పిల్లలను చంకనిడుకొని చెరువులో దిగుదురు. ఆ పండుగకు నెలదినములు ముందే మహిళలు కలిసి పంచాయతీకో, పురపాలక సంఘమునకో అర్జీ వ్రాయవలెను: దిగుచోట దీపము, నడుములోతున అడ్డుత్రాడు, గుంతలచుట్టు కంచె, గట్టున ఇద్దరు ఈతగాండ్రు. అర్జీ అందినట్లు ముద్ర వేయించుకొని నకలు భద్రపరచవలెను. ముందుగ తెలిసియు ఉపేక్షించిరని న్యాయస్థానమున చూపవలసివచ్చినపుడు ఆ కాగితమే సాక్ష్యమగును.