పాట పాడే పళ్ల చక్రాలు

1956 ఆగస్టు 4. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం, విల్మింగ్టన్ నగరం. అక్కడ ‘బేబీ గ్రాండ్’ అనే క్లబ్బులో జాజ్ సంగీతం జరుగుతోంది. వేదిక మీద ఉన్నది ముగ్గురే. థార్నెల్ ష్వార్ట్జ్ చేతిలో గిటారు, డొనాల్డ్ బైలీ ముందు డ్రమ్ములు, జిమ్మీ స్మిత్ ముందు బరువైన చెక్క పెట్టెలో అమర్చిన హామండ్ ఆర్గన్. ఆ సంగీతాన్ని బ్లూ నోట్ అనే గ్రామఫోను కంపెనీ రికార్డు చేసింది కనుక మనం ఈనాటికీ వినగలుగుతున్నాం.

కళ్లు మూసుకుని వినండి. మీకు నాలుగు వాయిద్యాలు వినిపిస్తాయి. గిటారు, డ్రమ్ములు, పాట వరస పలికే ఆర్గన్, వీటన్నిటికీ అడుగున దుం దుం అంటూ నడిచే బాస్ వాయిద్యం. మరి ఆ నాలుగో మనిషి ఏడీ?

నాలుగో మనిషి లేడు! స్మిత్ కుడిచేయి పాట వాయిస్తుంది. ఎడమచేయి, ఎడమకాలు కలిసి బాస్ వాయిస్తాయి. కుడికాలు ధ్వనిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. నలుగురి సంగీతాన్ని ముగ్గురే వినిపించగలరు కనుక చిన్న క్లబ్బులకు ఈ మేళం చక్కగా సరిపోయింది.

గాలి లేని ఆర్గన్

మన పద్య నాటకాల్లో హార్మోనియం చూసే ఉంటారు. తిత్తిలోని గాలి తగిలి లోపలి లోహపు నాలుకలు కంపిస్తాయి. చర్చిల్లోని పెద్ద ఆర్గన్లలో గొట్టాల్లోకి గాలి ఊదుతారు. హామండ్ ఆర్గన్‌లో తిత్తీ లేదు, గొట్టమూ లేదు. మరి ధ్వని ఎలా పుడుతుంది?

సైకిలును స్టాండు వేసి నిలబెట్టి, వెనుక చక్రం తిప్పండి. ఒక పోస్టుకార్డు అంచును పుల్లలకు తాకించండి. చక్రం మెల్లగా తిరిగితే టకటక. వేగం హెచ్చితే ఆ టకటకలు కలిసిపోయి ఒక స్వరం అవుతుంది. ఇంకా వేగంగా తిప్పితే స్వరం పైకి పోతుంది. సెకనుకు ఎన్నిసార్లు కార్డు కదిలితే అదే ఆ స్వరపు పౌనఃపున్యం.

హామండ్ ఆర్గన్‌లో పుల్లల బదులు పళ్లున్న ఇనుప చక్రాలు, కార్డు బదులు తీగచుట్ట చుట్టిన అయస్కాంతం ఉంటాయి. చక్రం తిరుగుతుంటే ఒక్కొక్క పన్ను అయస్కాంతం ముందుగా పోతుంది. అప్పుడల్లా తీగచుట్టలో విద్యుత్తు హెచ్చి తగ్గుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ విద్యుత్తును లౌడ్‌స్పీకరు ధ్వనిగా మారుస్తుంది. పేరుపొందిన బి-3 నమూనాలో ఇలాంటి చక్రాలు 91 ఉన్నాయి.

దీన్ని తయారు చేసిన లారెన్స్ హామండ్ సంగీతకారుడు కాడు, విద్యుత్ గడియారాలు చేసే ఇంజనీరు. 1934లో ఆర్గన్‌కు పేటెంటు పొందాడు. గడియారంలాగే ఇందులోనూ మోటారు విద్యుత్ సరఫరా లయకు కట్టుబడి తిరుగుతుంది. అమెరికాలో ఆ లయ సెకనుకు 60 ఆవృత్తులు. దానితో ప్రధాన ఇరుసు సెకనుకు సరిగ్గా 20 చుట్లు తిరుగుతుంది. ఒక 16 పళ్ల చక్రాన్ని గేర్లు 27.5 చుట్లు తిప్పుతాయి. 16 × 27.5 = 440. పాశ్చాత్య సంగీతంలో అందరూ శ్రుతి చేసుకునే స్వరం అదే!

మన దేశంలో సరఫరా 50 ఆవృత్తులు. అదే ఆర్గన్ ఇక్కడ తిరిగితే 440 కాస్తా 367కు దిగజారుతుంది. హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి జారినట్టే. లెక్క మీరే వేసి చూడండి.

టిక్కుమనే దోషం

ఇంత కచ్చితమైన యంత్రంలోనూ ఒక దోషం ఉంది. చక్రాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. మెట్టు నొక్కడమంటే స్విచ్చి వేయడమే. ఒక్కొక్క మెట్టు కింద తొమ్మిది స్విచ్చులుంటాయి. అవన్నీ ఒకే క్షణాన అంటుకోవు. విద్యుత్ తరంగం మధ్యలో ఎక్కడో హఠాత్తుగా మొదలవుతుంది. అందువల్ల స్వరానికి ముందు ‘టిక్’మనే చప్పుడు వస్తుంది. చర్చిలో ప్రశాంతంగా వాయించవలసిన వాయిద్యానికి ఇది తగదని ఇంజనీర్లు దాన్ని తగ్గించాలని చూశారు.

జాజ్ వాయించేవారికి మాత్రం అదే కావలసి వచ్చింది! ‘ఆ’ అనడానికీ ‘టా’ అనడానికీ తేడా గమనించండి. హల్లు తగిలితే అచ్చు ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. డ్రమ్ముల హోరులో వేగంగా వాయించే స్వరాలకు ఆ టిక్కు హల్లులా పనికివచ్చింది.

గిరగిర తిరిగే ధ్వని

రెండో చిక్కు గదిది. 1937లో డొనాల్డ్ లెస్లీ అనే ఆయన, పెద్ద దుకాణంలో విని ముచ్చటపడి హామండ్ ఆర్గన్ కొన్నాడు. ఇంట్లో వాయిస్తే ధ్వని జీవం లేనట్లు తోచింది. విశాలమైన హాలులోని ప్రతిధ్వనులు చిన్న గదిలో ఎక్కడివి?

లెస్లీ ఒక ఉపాయం చేశాడు. ధ్వని వెలువడే బూరను మోటారుతో గుండ్రంగా తిప్పాడు. రైలు కూత దగ్గరికి వస్తుంటే హెచ్చు స్వరంలోనూ, దూరమవుతుంటే తగ్గు స్వరంలోనూ వినిపిస్తుంది కదా! అదే డాప్లర్ ఫలితం. బూర మూతి 20 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సెకనుకు 6.7 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని వేగం సెకనుకు 8.4 మీటర్లు. అప్పుడు 440 స్వరం 451 నుంచి 429 దాకా ఊగుతుంది. పైగా బూర ఒక్కొక్క గోడవైపు తిరిగినప్పుడల్లా ధ్వని అక్కడ తగిలి మన చెవికి వస్తుంది. చిన్న గది నిండిపోతుంది.

ఈ పెట్టెను హామండ్ కంపెనీ ఆదరించలేదు. లెస్లీ తానే తయారుచేసి అమ్మాడు. జాజ్ క్లబ్బుల్లో ఆర్గన్‌కు అది విడదీయరాని తోడయింది.

పళ్ల చక్రాల ఆర్గన్ల తయారీ 1970ల మధ్యలో ఆగిపోయింది. జిమ్మీ స్మిత్ 2005లో కన్నుమూశాడు. ఆర్గన్, గిటారు, డ్రమ్ముల మేళాలు మాత్రం క్లబ్బుల్లో నేటికీ వాయిస్తూనే ఉన్నాయి. బి-3 సుమారు 190 కిలోల బరువు. మోయలేనివారు చేతికందే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు వాడుతున్నారు. వాటిలో చక్రాలూ లేవు, తిరిగే బూరా లేదు. అయినా నేటి ఇంజనీర్లు కష్టపడి లెక్కలు కట్టి, ఒకప్పుడు వద్దనుకున్న ఆ టిక్కునూ, ఆ ఊగులాటనూ అందులో చేరుస్తున్నారు.

ఈసారి మీ ప్రయోగంలో ఏదైనా దోషం కనిపిస్తే వెంటనే చెరిపివేయకండి. అది ఎందుకు వస్తోందో ముందు కనుక్కోండి.

చివరగా ఒక ప్రశ్న. సెకనుకు 27.5 చుట్లు తిరిగే చక్రంతోనే 880 స్వరం రావాలంటే ఎన్ని పళ్లుండాలి?