పెళ్ళి డిస్కు ఫైలుగా మారే వేళ: ముఖాలు సాగకుండా చూడడం ఎలా?

అండమాన్ నికోబార్ దీవులలోని తెలుగు ఇళ్ళలో బీరువాలు సర్దే రోజున పాత డీవీడీల కట్ట ఒకటి బయటపడడం పరిపాటి. వాటిలో చాలా భాగం విశాఖపట్నం రేవు నుంచి ఓడలో, రెండు రోజులకు పైగా ప్రయాణించి వచ్చినవే. ఊళ్ళో జరిగిన అక్క పెళ్ళి, సెలవు దొరకక వెళ్ళలేకపోయిన గృహప్రవేశం, తాతగారి షష్టిపూర్తి వాటిలో ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. అందులో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యే దాకా ఇక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహాలపైనే ఆధారపడింది. మూడు గంటల పెళ్ళి వీడియోను ఆ దారిన తెప్పించుకోవడం ఊహకు అందని మాట. అయినవారి శుభకార్యాన్ని కళ్ళారా చూడడానికి డిస్కే దిక్కు.

ఇప్పుడు డీవీడీ ప్లేయర్లు మూలబడ్డాయి, కొత్త కంప్యూటర్లకు డిస్కు పెట్టే అరే ఉండడం లేదు. కనుక అందరూ వాటిని వీడియో ఫైళ్ళుగా మార్పించుకుంటున్నారు. మార్పించుకున్నాక టీవీలో చూస్తే, కన్నుమూసిన నాయనమ్మ ముఖం గుమ్మడికాయలా వెడల్పయి ఉంటుంది. లేదా పెళ్ళికొడుకు వెదురుబొంగులా సన్నబడి ఉంటాడు. ఆ మనిషిని ఎన్నడూ చూడని మనుమలకు అదే అసలు రూపమని ముద్రపడిపోతుంది. ఈ వ్యాస రచయిత ఇంట్లోనూ ఒక డిస్కుకు ఇదే గతి పట్టింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకునే ప్రయత్నమే ఈ వివరణకు మూలం.

వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని యాస్పెక్ట్ రేషియో అంటారు. పాత పెట్టె టీవీలది 4:3, నేటి పలక టీవీలది 16:9. చిక్కు అక్కడ లేదు, డీవీడీ లోపల ఉంది. మన దేశంలో 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు పాల్ పద్ధతిలో మొదలయ్యాయి. ఇక్కడ తయారైన డీవీడీలలో అధిక భాగం కూడా ఆ పద్ధతివే. అందులో ఒక్కొక్క చిత్రం అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్ళతో, సెకనుకు 25 చిత్రాల చొప్పున నమోదవుతుంది. ఆశ్చర్యమేమిటంటే 4:3 చిత్రానికైనా, 16:9 చిత్రానికైనా డిస్కులో ఉండేది అదే 720, అదే 576.

దీనిని గోడతో పోల్చి చెప్పవచ్చు. ఒక గోడలో వరుసకు 720 ఇటుకలు, మొత్తం 576 వరుసలు ఉన్నాయనుకుందాం. గోడ ఎంత పొడవో ఇటుకల లెక్క ఒక్కటే చెప్పలేదు. ఇటుక ఆకారం కూడా తెలియాలి. డీవీడీలోని ఇటుక చతురస్రం కాదు. 4:3 డిస్కులో అది కాస్త వెడల్పుగా, 16:9 డిస్కులో బాగా వెడల్పుగా ఉంటుంది. ఏ ఇటుక వాడాలో చెప్పే చిన్న గుర్తు ఒకటి డిస్కులోనే రాసి ఉంటుంది. ప్లేయరు ఆ గుర్తు చదివి చిత్రాన్ని సాగదీస్తుంది. ఫైలుగా మార్చేటప్పుడు ఈ గుర్తు జారిపోతే, చూపే యంత్రం ప్రతి ఇటుకనూ చతురస్రమనే భావిస్తుంది. అప్పుడు 16:9 చిత్రం దాదాపు 30 శాతం సన్నబడుతుంది. అది ఎవరికైనా కనబడుతుంది. 4:3 చిత్రం మాత్రం 6 శాతమే సన్నబడుతుంది. ఇదే మోసకారి. ఏదో తేడాగా ఉందనిపిస్తుందే తప్ప ఫలానాదని పట్టుకోలేము.

చిత్రాన్ని నొక్కి దాచి, చూపేటప్పుడు సాగదీసే ఈ ఉపాయం డీవీడీతో పుట్టినది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి, చిత్రం ఇంచుమించు పాత టీవీ ఆకారంలోనే ఉంటుంది. 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. సినిమాస్కోప్ పద్ధతిలో ప్రత్యేక కటకం దృశ్యాన్ని అడ్డంగా కుదించి ఫిల్ముపై ముద్రిస్తుంది. థియేటరులోని కటకం దానిని మళ్ళీ విప్పుతుంది. ఆపరేటరు ఆ కటకం బిగించడం మరిచిపోతే తెరపై అందరూ సన్నగా, పొడుగ్గా కనబడతారు. ఫైలుగా మార్చేటప్పుడు గుర్తు పోగొట్టుకోవడమంటే కటకం మరిచిపోవడమే.

ఇక చేయవలసిన పని. గుర్తును ఫైలులోకి మోసుకుపోవడం ఒక మార్గం. ఎఫ్ఎఫ్ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దీనిని చేయగలవు. చిత్రంలోని పిక్సెళ్ళు ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి కనుక భద్రపరిచే ప్రతికి ఇది మేలు. అయితే ఆ గుర్తును అన్ని ఫోన్లూ, టీవీలూ, వీడియో కూర్పు సాఫ్ట్‌వేర్లూ గౌరవించవు. అందువల్ల బంధువులకు పంపే ప్రతిని చతురస్ర పిక్సెళ్ళలోకి మార్చడమే క్షేమమని మా అభిప్రాయం. అప్పుడు 4:3 డిస్కు 768 వెడల్పు, 576 ఎత్తుగాను, 16:9 డిస్కు 1024 వెడల్పు, 576 ఎత్తుగాను మారాలి. రెండింటిలోనూ ఎత్తు ముట్టుకోలేదని గమనించండి. టీవీ కోసం తీసిన పాత వీడియోలో ఒక్కొక్క చిత్రం సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో నమోదై ఉంటుంది. వాటిని కలిపే డీఇంటర్‌లేస్ పని జరగకముందే ఎత్తు మారిస్తే, కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలి, ఆపై మరి సరిచేయడానికి వీలుండదు. అమెరికా నుంచి వచ్చిన డిస్కులు సాధారణంగా ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటి ఎత్తు 480. వాటికి 640, 854 వెడల్పులు సరిపోతాయి.

నల్లపట్టీలను కత్తిరించే చోట చాలామంది తడబడతారు. 4:3 డిస్కులో పైన, కింద నల్లపట్టీలతో వెడల్పు చిత్రం ఉంటే, దానిని పలక టీవీలో చూసినప్పుడు నాలుగు వైపులా నలుపు కమ్ముకుని కిటికీలోంచి చూసినట్లుంటుంది. పట్టీలు తీసివేయవచ్చు, తప్పు లేదు. కానీ కత్తిరించినంత మాత్రాన ఇటుక ఆకారం మారదు. 576 గీతలలో 432 మిగిలాయనుకోండి. వెడల్పు 768 అయితే చిత్రం సరిగ్గా 16:9 అవుతుంది. కత్తిరించిన తరువాత కూడా సాఫ్ట్‌వేరులో 4:3 అనే ఎంపికను అలాగే వదిలేస్తే, మిగిలిన చిత్రాన్ని ఆ ఆకారంలోకి కుక్కుతుంది. ఇందుకు విరుద్ధంగా, పట్టీలు లేని పాత 4:3 పెళ్ళి వీడియోను ‘ఫుల్ స్క్రీన్ చేసిపెట్టండి’ అని అడగడం మరొక పొరపాటు. దానితో ప్రతి ముఖమూ మూడో వంతు వెడల్పెక్కుతుంది. పక్కల ఉండే నలుపు లోపం కాదు. ఆనాటి చిత్రం అంతవరకే ఉంది.

ఒక్కొక్కసారి డిస్కులోని గుర్తే తప్పయి ఉంటుంది. క్యాసెట్టు నుంచి డీవీడీకి ఎక్కించిన నాడే పొరపాటు జరిగి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దానిని పసిగట్టలేదు. అప్పుడు కొలబద్ద పట్టవలసిందే. పెళ్ళి వీడియోలో గుండ్రని వస్తువులకు కొరత ఉండదు: గోడ గడియారం, ఎదురుగా కనబడే డోలు ముఖం, నిలబెట్టి చూపిన పళ్ళెం, పక్క నుంచి కనబడే స్కూటరు చక్రం. చిత్రాన్ని ఆపి, తెరపై దాని వెడల్పును, ఎత్తును కొలవండి. రెండూ సమానమైతే నిష్పత్తి సరిగా ఉన్నట్లే. గడియారం 8 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు వస్తే, అది 16:9కి సాగదీసిన 4:3 చిత్రమని తేలుతుంది. వస్తువు తెర అంచున కాక మధ్యలో, కెమెరాకు ఎదురుగా ఉన్నదై ఉండాలి. కొలిచే ముందు టీవీ రిమోటులోని జూమ్, స్ట్రెచ్ అమరికలను కూడా తీసివేయాలి; ఫైలు సరిగా ఉండి టీవీయే సాగదీసే సందర్భాలు తక్కువేమీ కావు.

ఇది మనం తీయించుకున్న కుటుంబ వీడియోల మాట. దుకాణంలో కొన్న సినిమా డిస్కులకు రక్షణ తాళాలుంటాయి. వాటిని ఛేదించడం విషయమై కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన నిబంధనలు వర్తిస్తాయి.

ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వర్షం కురిసే శ్రీ విజయపురం వంటి చోట డిస్కులు ఎక్కువ కాలం ఆగవు. స్టూడియోలు రాసి ఇచ్చే డీవీడీలలో సమాచారాన్ని నిలిపేది సేంద్రియ రంగుపొర; వేడి, తేమ దానికి శత్రువులు. కాబట్టి ఎంపీ4 చేయించే ముందే డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ ప్రతిగా తీసి ఇమ్మని అడగాలి. మామూలు డిస్కుకు అది 4.7 జీబీకి మించదు. నిష్పత్తి గుర్తుతో సహా అంతా అందులో ఉన్నదున్నట్లు ఉంటుంది కనుక, ఈ రోజు మార్పించిన ఫైలులో ముఖాలు సాగి ఉన్నాయని పదేళ్ళ తరువాత తెలిసినా మళ్ళీ మొదటి నుంచి మార్చుకోవచ్చు. దానిని రెండు హార్డ్ డిస్కులలో ఉంచి, ఒకటి దీవుల్లోనూ, మరొకటి ప్రధాన భూభాగంలోని బంధువుల ఇంట్లోనూ పెట్టుకోవడం మంచిది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ చూసిన వారికి ఈ జాగ్రత్త ఎందుకో వివరించనక్కరలేదు.