పాత ఇల్లు అమ్మునపుడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. తాతగారు కట్టిన ఇంటిని అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. అట్టి అవసరము వచ్చునని వారు తలచి ఉండరు. బిడ్డలు ఉద్యోగములకై దూరదేశములు పోవుచున్న ఈ రోజులలో పాత వీధులలోని ఇండ్లకు తాళములు పడుచున్నవి. మన విద్యార్థులలో అనేకులకు నేడో రేపో ఈ సమస్య ఎదురు కాగలదు. కర్నూలు పాత పట్టణములోని మా ఇంటిని అమ్మినపుడు నేర్చుకొన్న విషయములను ఇచ్చట వివరింతును.

మొట్టమొదటి ప్రశ్న ధర కాదు. ఇల్లు ఎవరిది అన్నది. మా తాతగారు జీవించి ఉండగానే దానిని రిజిష్టరు దస్తావేజు ద్వారా మా నాన్నగారికి ఇచ్చినారు. నాన్నగారు గతించిన పిదప అమ్మీ, ఇద్దరు అన్నదమ్ములము, ఇద్దరు చెల్లెళ్లు వారసులమైతిమి. ముస్లిం వారసత్వ న్యాయము ప్రకారము అంత్యక్రియల వ్యయము, అప్పులు, చెల్లింపని మహర్, మూడవ వంతుకు మించని వసీయతు పోగా మిగిలినది పంచవలెను. సంతానమున్న భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. మా ఇంటిని 48 వాటాలుగా లెక్కించినచో అమ్మీకి 6, అన్నదమ్ములకు 14 చొప్పున 28, చెల్లెళ్లకు 7 చొప్పున 14. ఒక వారసుడు అమ్మిన అమ్మకము తక్కినవారి వాటాలను బంధింపదు. కనుక అందరి సంతకములు తప్పనిసరి.

చిన్న చెల్లెలు "నాకేమీ వద్దు భాయిజాన్, ఎక్కడ చెప్పిన అక్కడ సంతకము చేస్తాను" అన్నది. అమ్మీ ఒప్పుకొనలేదు. "ముందు దాని వాటా దాని చేతికి రానీ. తరువాత ఇవ్వదలచుకొంటే అదే ఇస్తుంది" అన్నది. ఆ మాట మా లెక్కలన్నిటికీ పునాది అయినది.

ఇక పత్రములు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి పట్టణము మునిగినపుడు మా అసలు దస్తావేజు తడిసి ముద్దయైనది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో దాని ధ్రువీకృత ప్రతి లభించినది. ఆస్తిపై తాకట్టు మొదలగునవి ఏవైనా నమోదైనవా అని తెలుపు ఈసీ, ఇంటి పన్ను రశీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము సమకూర్చుకొంటిమి. బేరమునకు ముందే ఈ పని పూర్తి చేయుట మేలు. కాగితము లేని ఇంటికి కొనువాడు తన భయమునంతా ధరలో తగ్గించి అడుగును.

మరమ్మతుల విషయములో అత్యాశ పనికిరాదు. పైకప్పు కురియకుండ చేయుట, చెదలు పట్టిన వాసములను మార్చుట, తలుపులు సరిగా మూతపడునట్లు చూచుట చాలును. సున్నముతో కట్టిన పాత గోడలపై సిమెంటు పూత పూయరాదు. అట్టి గోడ తేమను పీల్చి తిరిగి వదలుచుండును. సిమెంటు ఆ దారిని మూసివేయగా చెమ్మ లోపలనే నిలిచి గోడ పాడగును. సున్నపు పూతయే దానికి తగినది.

వరద నీరు నిలిచిన గీత మా ముందు గదిలో ఇంకను కనబడుచుండెను. రంగు వేసి కప్పివేయుమని మధ్యవర్తి సలహా. కాని కొనువాడు మామూలు పరిశీలనలో కనిపెట్టజాలని ముఖ్య లోపమును అమ్మువాడు తానే తెలుపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. మేము గోడకు సున్నము వేసితిమి; నీరు ఎంత ఎత్తున నిలిచినదో వచ్చిన ప్రతివారికి చెప్పితిమి.

మూడు బేరములు వచ్చినవి. మొదటివాడు 54 లక్షలన్నాడు. కాని దస్తావేజులో 30 లక్షలే వ్రాసి, మిగతా 24 లక్షలు నగదుగా ఇచ్చునట. 2015 జూన్ నుండి స్థిరాస్తి అమ్మకములో 20 వేలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్నచో అంత సొమ్మును జరిమానాగా విధింపవచ్చును. అంతకన్న ముఖ్యమైన మాట వేరు. 30 లక్షలలో చెల్లెలి 7 వాటాలకు కాగితముపై సాక్ష్యము 4,37,500 రూపాయలే. మిగిలినది అన్నల దయపై ఆధారపడిన సొమ్ము.

రెండవవాడు 60 లక్షలన్నాడు. బయానా 5 లక్షలు, మిగతా సొమ్ము పదునెనిమిది నెలల వాయిదాలలో. ఈలోగా ఇల్లు స్వాధీనము చేసి, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇవ్వవలెను. అట్టి పత్రము వలన యాజమాన్యము బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. వాయిదా తప్పినచో మాకు మిగులునది పత్రము, వ్యాజ్యము మాత్రమే.

మూడవవారు ఒక ఉపాధ్యాయ దంపతులు. 48 లక్షలు, పూర్తిగా బ్యాంకు ద్వారా. బ్యాంకు న్యాయవాది పరిశీలనకు రెండు నెలలు పట్టినది. ధర తక్కువైనను అందరమూ దీనికే అంగీకరించితిమి. వాటాకు ఒక లక్ష చొప్పున ఎవరి సొమ్ము వారి ఖాతాలో పడినది.

బేరములను పోల్చునపుడు పెద్ద అంకె ఏదని కాదు, ఎంత సొమ్ము, ఎప్పుడు, ఏ సాక్ష్యముతో, ఎవరి చేతికి వచ్చునని అడుగవలెను. చెల్లెలు తన 7 లక్షలను కుమార్తె చదువునకు దాచినది. ఇల్లు పోయినది, పండుగనాడు మేమందరము ఒకే దస్తర్‌ఖాన్ చుట్టు కూర్చొనుట మాత్రము పోలేదు.