కలలో ఎఱుక

కల కనుచున్నంతసేపు అది కల యని మనకు తోచదు. మహబూబ్‌నగరమున ఒక విద్యార్థి పిల్లలమఱ్ఱి ఊడల నడుమ కూర్చుండి పరీక్ష వ్రాయుచున్నట్లు కలగనెననుకొందము. మఱ్ఱిచెట్టు క్రింద పరీక్ష యేమని ఆతడు ప్రశ్నింపడు. జవాబు తోచక చెమటలు పట్టి మేల్కొనును. ఆ ప్రశ్న కలలోనే పుట్టినచో, నిద్ర చెడకుండగనే “ఇది కల” యని తెలియును. అట్టి దానిని “ఎఱుక కల” యనవచ్చును. డచ్చి వైద్యుడు, రచయిత వాన్ ఈడెన్ 1913లో దీనిని ‘లూసిడ్ డ్రీమ్’ అని పేర్కొనెను.

ఈ యెఱుక పూర్వులకును తెలిసినదే. నల్లగొండ జిల్లా సరిహద్దున, నాగార్జునసాగర జలాశయము నడుమ నేడు దీవిగా నిలిచియున్న నాగార్జునకొండ ఆచార్య నాగార్జునుని పేర వెలసినది. ఆయన మూలమధ్యమక కారికలలో లోకమునందలి పుట్టుటను, గిట్టుటను కలతో పోల్చెను. ఆయనను మహాచార్యునిగ ఎంచు టిబెటు బౌద్ధులు, కలను కలగా గుర్తించుటను ఒక యోగసాధనగనే అభ్యసించిరి. అయితే సాధకుని మాట ఒక్కటే విజ్ఞానశాస్త్రమునకు చాలదు. ఇతరులు పరీక్షింపదగిన గుర్తు కావలెను.

ఆ గుర్తు కన్నులలో దొరకినది. 1953లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కనుగ్రుడ్లు రెప్పలక్రింద వేగముగా కదలు దశ యొకటి కలదని ప్రకటించిరి. స్పష్టమైన కలలు ఎక్కువగ ఈ దశలోనే వచ్చును. ఇది సుమారు 90 నిమిషముల కొకసారి వచ్చి, తెల్లవారుజామున ఎక్కువసేపు నిలుచును. అప్పుడు కాలుసేతుల కండరములు సడలిపోవును. కనుగ్రుడ్లు మాత్రము కదలును. వివేచనకు తోడ్పడు మెదడు ముందుభాగములు కొన్ని మందగించును. అందుచేతనే కలలోని వింత మనకు వింతగా తోచదు.

కదలగల కన్నులతోనే కబురు పంపవచ్చును గదా! 1975 ఏప్రిల్ నెలలో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున కీత్ హర్న్ ఈ ప్రయోగము చేసెను. అలన్ వర్స్‌లీ అనునతడు నిద్రించుచు, కల యని గుర్తింపగనే, ముందనుకొన్నట్లు కన్నులను ఎడమకు, కుడికి త్రిప్పెను. యంత్రము ఆ కదలికలను గీతలుగా నమోదు చేసెను. ఆతడు నిద్రలోనే యున్నట్లు మెదడు విద్యుత్తరంగములు తెలిపెను. అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ వేరుగ ఇదే నిరూపించెను. 2021లో ప్రకటితమైన పరిశోధనలో, 8 నుండి 6 తీసివేయుమని నిద్రించువానిని అడుగగా, కన్నులను రెండుమార్లు త్రిప్పి జవాబిచ్చెను!

ఇది కొంతవరకు అభ్యాసముచే అలవడును. మొదట, మేల్కొనగనే కదలక పడుకొని, వచ్చిన కలను జ్ఞప్తికి తెచ్చుకొని పుస్తకమున వ్రాయుడు. కొన్ని వారములకు, ఏ వింతలు మరల మరల వచ్చుచున్నవో తెలియును. రెండవది, పగలు అనేకమార్లు “ఇది కలయా?” యని నిజముగా పరీక్షింపుడు. బస్సు బోర్డు చదివి, చూపు మరల్చి, తిరిగి చదువుడు. మెలకువలో ‘దేవరకొండ’ దేవరకొండగనే యుండును. కలలో అక్షరములు తరచు మారిపోవును. మూడవది, తెల్లవారుజామున మెలకువ వచ్చినపుడు “ఈ సారి కలను గుర్తింతును” అని సంకల్పించి మరల నిద్రింపుడు. గుర్తించిన పిదప ఉత్సాహపడిన మెలకువ వచ్చును; నెమ్మదిగ నుండవలెను.

ఫలము అందరికి ఒకే తీరున దక్కదు. 2017లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో, ఇట్టి పద్ధతులను కలిపి ఒక వారము అభ్యసించినవారికి కలిగిన జయము నూటికి సుమారు 17 పాళ్ళు మాత్రమే. పీడకలలతో బాధపడువారికి ఈ యెఱుక మేలు చేయగలదని కొన్ని చిన్న ప్రయోగములు సూచించుచున్నవి.

ఒక హెచ్చరిక. విద్యార్థులు దీనికై అలారము పెట్టి నిద్ర చెరుపుకొనరాదు. ఈ వయస్సున రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. చదివినది మనస్సున నిలుచుటకు నిద్రయే తోడు. కలకు, మెలకువకు భేదము తోచక కలతపడువారు దీని జోలికి పోక వైద్యుని సలహా పొందవలెను. దినచర్య వ్రాయుట, పగటి పరీక్ష, ఈ రెంటికి నిద్ర చెరుపుకొన నక్కరలేదు. తరగతిలో ఉపాధ్యాయులు వీనిని చేయింపవచ్చును. కన్నదానిని కన్నట్లే నమ్మక పరీక్షించు అలవాటు పగలు పాతుకొన్నవానికే అది రాత్రి కలలోను తోడువచ్చును.