ఆఖరి బిట్టు దగ్గరే అసలు చిక్కు

కంప్యూటర్లో 0.1 అని కొడితే దానికి అందేవి మూడు అక్షరాలు: సున్నా, చుక్క, ఒకటి. వాటిని లెక్కకు పనికొచ్చే బైనరీ సంఖ్యగా మార్చే చిన్న ప్రోగ్రాం ప్రతి భాషలోనూ ఉంటుంది. మూడో వంతు దశాంశాల్లో 0.333 అంటూ తెగకుండా సాగినట్టే, పదో వంతు బైనరీలో తెగదు. 1985 నాటి ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం ‘డబుల్’ సంఖ్యకు 64 బిట్లుంటే, విలువను పట్టి ఉంచే కచ్చితత్వం 53 బిట్లు. అక్కడ కోసేసి, అన్నిటికంటే దగ్గరి సంఖ్యను ఎంచుకోవాలి.

ఆ ‘దగ్గరి’ తేల్చడమే కష్టం. 9007199254740993 తీసుకోండి. ఇది 2 ఘాతం 53 కంటే ఒకటి ఎక్కువ. అంత పైన డబుల్‌లో సరి సంఖ్యలే ఇముడుతాయి. కాబట్టి ఇది 92తో ముగిసే సంఖ్యకూ, 94తో ముగిసేదానికీ నట్టనడుమ నిలుస్తుంది. ఇలాంటప్పుడు చివరి బిట్టు సున్నా అయ్యే వైపు పొమ్మంటుంది నియమం, జవాబు 92. ఇప్పుడు దీని పక్కన చుక్క పెట్టి, వంద సున్నాలు రాసి, చివర ఒక్క 1 చేర్చండి. జవాబు 94కు మారాలి! మొదటి ఇరవై అంకెలు చూసి తీర్పు చెప్పే ప్రోగ్రాం ఇక్కడే తప్పులో కాలేస్తుంది.

ముందే ఇన్ని బిట్లు చాలని గిరి గీసుకుంటే ఈ సమస్య ఎన్నటికీ పూర్తిగా తీరదని 1990లో విలియం క్లింగర్ చూపించాడు. దారీ ఆయనే చెప్పాడు: ముందు కొన్ని బిట్లు ఎక్కువ వాడి త్వరగా లెక్కకట్టు, అనుమానం వస్తేనే పెద్ద పూర్ణసంఖ్యలతో సరిచూడు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ గే రాసిన కోడ్ పైథాన్, పీహెచ్‌పీ వంటి భాషల్లోకి చేరింది.

2011 జనవరిలో ఒక్క సంఖ్య పీహెచ్‌పీని స్తంభింపజేసింది. 2.2250738585072011ను 10 ఘాతం మైనస్ 308తో గుణిస్తే వచ్చేది అది. పాత 32 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లు లోపల 80 బిట్లతో లెక్కకట్టేవి. దాంతో తొలి అంచనాను సరిదిద్దుకునే సవరణ ఎంతకీ ఒక కొలిక్కి రాక ప్రోగ్రాం గిరగిరా తిరుగుతూనే ఉండిపోయింది. ప్రాసెసర్‌ను 53 బిట్లకు కుదించి వాడాలని గే తన కోడ్‌లోనే రాసిపెట్టాడు. మరుసటి నెలలో జావాకూ దాదాపు అదే సంఖ్య దగ్గర అదే గతి పట్టింది. వెబ్ ఫారంలో ఆ అంకెలు పంపితే చాలు, సర్వర్ కూర్చుండిపోయేది.

ఆ తర్వాత మైఖేల్ ఐసెల్, డేనియల్ లెమీర్ 5 ఘాతాల పట్టికను ముందే సిద్ధం చేసి, చాలాసార్లు ఒకటి రెండు గుణకారాలతోనే పని ముగించే పద్ధతి తెచ్చారు. గో, రస్ట్ భాషలు దాన్ని తీసుకున్నాయి.

199.99 వంటి ధరకు అంత శ్రమ అక్కర్లేదు. 19999, 100 రెండూ డబుల్‌లో పొల్లుపోకుండా ఇముడుతాయి కాబట్టి ఒక్క భాగహారం చాలు. అయినా ప్రోగ్రాం రాసేవారికి నా మనవి ఒకటే: అంకెను పదితో గుణిస్తూ పోయే సొంత కోడ్ రాసుకోకండి, భాషతో వచ్చిన ఫంక్షన్‌నే పిలవండి.