గడులు చెల్లాచెదురు.. గీత మాత్రం ఒక్కటే!

పెన్న ఇవతల కోవూరు. అక్కడి నుంచి విడవలూరు మీదుగా సముద్రం వైపు వెళ్తే రొయ్యల చెరువులే. మన దేశంలో 2009లో వనామీకి అనుమతి వచ్చాక ఈ సాగు బాగా పెరిగింది. లెక్కలు మాత్రం చాలా ఇళ్లల్లో ఇంకా నోట్‌బుక్కులోనే. ‘మేత పెరగతానే ఉంది, రొయ్య పెరగతా ఉందా?’ అని నాయన అడిగితే చెప్పాల్సింది ఫోన్ చేతిలో ఉన్న మీరే.

షీట్‌లో ఏ కాలమ్‌లో తేదీ, బీలో మేత కిలోలు, సీలో డీజిల్ ఖర్చు, డీలో కౌంట్ రాశారనుకుందాం. మేత రోజూ వేస్తారు. వల విసిరి కౌంట్ చూసేది వారానికోసారే. అంటే కౌంట్ డీ8, డీ15, డీ22.. ఇలా దూరం దూరంగా పడుతుంది. మొత్తం సెలెక్ట్ చేసి చార్ట్ కొడితే అంతా గందరగోళమే.

పక్కన చిన్న పట్టిక వేయండి. జీ2లో =A8, హెచ్2లో =1000/D8, ఐ2లో =SUM(B2:B8). కింది వరుసలో A15, D15, B9:B15. ఇలాగే కిందికి. వెయ్యిని కౌంట్‌తో భాగిస్తే ఒక రొయ్య సగటు బరువు వస్తుంది. 100 కౌంట్ అంటే 10 గ్రాములు, 50 అంటే 20. కౌంట్‌నే గీస్తే రొయ్య పెరిగే కొద్దీ గీత కిందికి దిగి కంగారు పెడుతుంది!

జీ, హెచ్‌లతో బరువు చార్ట్. మేత చార్ట్‌కి కంప్యూటర్‌లో జీ కాలమ్ సెలెక్ట్ చేసి, కంట్రోల్ నొక్కి పట్టుకుని ఐ కాలమ్ సెలెక్ట్ చేయండి. రెండింట్లో వరుసలు సమానంగా ఉండాలి. తర్వాత ఇన్సర్ట్, చార్ట్. ఫోన్‌లో కంట్రోల్ ఉండదు కదా! జే కాలమ్‌లో తేదీ, కే కాలమ్‌లో మేత మళ్లీ తెచ్చుకుంటే జే, కే పక్కపక్కనే ఉంటాయి.

రెండూ ఒకే చార్ట్‌లో కలపొద్దు. మేత వందల కిలోలు, బరువు పదుల గ్రాములు. బరువు గీత నేలకి అతుక్కుపోతుంది. ‘మొత్తం’ వరుసనీ కలపొద్దు.

ఇప్పుడు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. మేత గీత ఎక్కుతూ, బరువు గీత పడుకుందా? మిగిలిన మేత అడుగున కుళ్లుతూ ఉండొచ్చు. ఆక్సిజన్ తగ్గొచ్చు, అమ్మోనియా పెరగొచ్చు. వెంటనే చెక్ ట్రే, నీళ్లు చూడమని నాయనకి చెప్పండి. కారణం చార్ట్ చెప్పదు. కానీ అప్పు మేత ఇంకో వారం పోయకముందే ఆగి చూడమంటుంది.